సత్తిబాబు కూత

2003లో నేను రావులపాలెం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో పీడీని, అంటే ఫిజికల్ డైరెక్టర్‌ని. జీతమిచ్చి మరీ ఆడుకోమన్నారని తోటి లెక్చరర్లు నన్ను ఆటపట్టించేవారు. నిజమే! కబడ్డీ కోర్టులో మా సత్తిబాబు కూతకు వెళ్తుంటే నాకు జీతం సంగతి కూడా గుర్తుండేది కాదు.

కూతంటే రైడర్ మళ్ళీ ఊపిరి పీల్చకుండా ‘కబడ్డీ కబడ్డీ’ అంటూ ఎదుటివాళ్ళ కోర్టులోకి వెళ్ళి రావడం. సత్తిబాబు కూత ఖంగుమనేది. అలాంటిది ఆ ఏడు యూనివర్సిటీ పోటీలకు ప్రాక్టీసు మొదలుపెడితే సగంలోనే తెగిపోతోంది. కళ్ళు మత్తుగా ఉన్నాయి, అడుగు తడబడుతోంది. పక్కకు పిలిచాను.

“జ్వరమేంట్రా?”

“కాదండి. నాన్న పోయిన కాణ్ణించీ నిద్ర పట్టట్లేదండి. ఎవరో చెప్తే దగ్గు మందు తాగడం మొదలెట్టానండి. ఇప్పుడది లేకపోతే ఒళ్ళు వణికిపోతందండి.”

ఏం చేయాలా అని ఆలోచిస్తున్నాను. ఈలోపే హాస్టల్లో వాడి మంచం కింద సీసాలు దొరికాయి. మత్తు మీద మా కాలేజీ చేసేదల్లా ఏటా ఒక సభ, గోడకో పుర్రె బొమ్మ, దొరికినవాడి చేతిలో టీసీ పెట్టి సాగనంపడం. టీసీ ఇస్తే వాడి చదువు అక్కడితో సరి. ఆగలేక ప్రిన్సిపాల్ గారి గదిలోకి దూసుకెళ్ళాను.

“కబడ్డీలో ఔటైనవాణ్ణి ఇంటికి పంపేయమండి! గీత పక్కనే కూర్చోబెడతాం. మనవాళ్ళు పాయింటు తెస్తే మళ్ళీ లోపలికొస్తాడు. రివైవల్ అంటామండి దాన్ని.”

“ఇది ఆట కాదండి పీడీ గారూ.”

“కాదు కాబట్టే అడుగుతున్నానండి!”

చివరికి ఆయన, “మానసిక వైద్యుడికి చూపించండి. వాడు వెళ్తేనే కాలేజీలో ఉంటాడు” అన్నారు.

తీరా చూస్తే సత్తిబాబే మొండికేశాడు. “పిచ్చి డాక్టరు దగ్గరికెళ్ళానని తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోలేనండి. టీసీయే ఇచ్చేయమనండి.”

అప్పుడు మా కెప్టెన్ ఏసురత్నం అన్నాడు: “అందరం వెళ్దామండి. ఎవరి కోసం వచ్చామో ఎవరికి తెలుస్తుందండి?”

జట్టు జట్టంతా జెర్సీలతో కాకినాడ బస్సెక్కాం! ఆసుపత్రి బల్ల మీద వరసగా కూర్చున్నాం. డాక్టరు గారు తలుపు తీసి తెల్లబోయారు.

“పేషెంటు ఎవరండి?”

అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు! అక్కడే ఈల ఊదేద్దామన్నంత ఉత్సాహం వచ్చింది నాకు. సత్తిబాబు అటూ ఇటూ చూశాడు. కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చాడు.

“నేనేనండి.”

తండ్రి గురించి వాడు మొదటిసారి నోరు విప్పింది ఆ గదిలోనే. తర్వాత ప్రతివారం ఎవరో ఒకరు తోడెళ్ళేవారు. అలా తోడెళ్ళిన ఒకడు, “నేనూ ఓ మాట అడగాలండి” అంటూ తనూ లోపలికెళ్ళాడట!

ఆ ఏడు సత్తిబాబు ఆడలేదు. గీత పక్కన కూర్చుని నీళ్ళందించాడు. మేం ఓడిపోయాం. మా గోడ మీద పుర్రె బొమ్మ పోయి, ఆ డాక్టరు గారు కాలేజీకి వచ్చే రోజు రాసిన బోర్డు వచ్చింది. వాణ్ణి డాక్టరు గారి గుమ్మం దాకా నడిపించింది నా ఈలా కాదు, టీసీ భయమూ కాదు, పక్కన లేచి నిలబడ్డ స్నేహితులని నాకు అప్పుడే తెలిసింది.

మరుసటేడు సత్తిబాబు మళ్ళీ కూతకు వెళ్ళాడు. తెగలేదు! గీత దగ్గర నా కన్నా గట్టిగా ఎవరో అరుస్తున్నారు. తిరిగి చూస్తే ప్రిన్సిపాల్ గారు.

“రివైవలండీ పీడీ గారూ, రివైవల్!”