పద్దమ్మ జడ, నా తలకు మందు

టీ తాగండమ్మా, చల్లారిపోతాది. నవ్వమని మాటిస్తేనే చెప్తా. పోయిన నెల ఒక బేస్తవారం మా వీధిలో తలకాయలు లేచిపోయేటివే. దేనికంటారా? నా తలకాయలో చుండ్రుకు!

నిజ్జంగా. నా మీదొట్టు.

మీరు ప్రొద్దుటూరులో ఉంటారు, మా జమ్మలమడుగు వీధి సంగతి మీకేం తెలుసు. ఉత్తరం పక్క ఇండ్లన్నీ ఒక పార్టీ, దక్షిణం పక్క ఇండ్లన్నీ ఇంకో పార్టీ. నడిమధ్యలో కడప బండలు పరిచిన దావ. ఈ పక్క పెండ్లయితే ఆ పక్కోళ్లు రారు, ఆ పక్క సావయితే ఈ పక్కోళ్లు పోరు. పాలు పోసేవాళ్లు గూడా వేరేవేరే. మా ఆయన ఓబులేసు మా పక్కకు పెద్దమనిషి. అంటే మా పార్టీ నడిపే అన్న జీపులో ఎనక సీటు దొరికేంత పెద్దమనిషి. మా ఎదురింటి గంగాధరు ఆ పక్కకు పెద్దమనిషి. ఆయప్పకు వాళ్ల జీపులో ముందు సీటు. ఆ కడుపుమంట మా ఆయనది, దాంట్లోకి నేను పోను. నా కడుపుమంట వేరే.

నాది గంగాధరు పెండ్లాం పద్దమ్మ జడ!

పద్దమ్మది నా ఈడే. ఇద్దరమూ ఒకే ఏడు కాపురానికొచ్చినాము. శనివారం వస్తే చాలు, తలకు పోసుకోని మిద్దె మీదికెక్కి జుట్టు ఆరబెట్టుకుంటాది. నేను కిటికీ రెక్క సందులోనుంచి చూస్తాండేదాన్ని. నడుము దాటిన జుట్టు, వాన పడిన నల్లరేగడి మాదిరి నిగనిగ! ఒకసారి విదిలిస్తే ఆ ఎండంతా దాంట్లోనే ఉన్నట్టుంటాది. నాదేమో ఎండాకాలం చెరువడుగు. గోకితే జాకెట్టు మీద సున్నం రాలినట్టు రాల్తాది. నల్ల జాకెట్టు తొడుక్కోని ఎన్నేండ్లయిందో నాకే గుర్తు లేదు.

ఊరికే కూర్చున్నానా? లేదే! ఫ్యాన్సీ అంగట్లో తోరణం కట్టినట్టు యాలాడదీసింటారే షాంపూ ప్యాకెట్లు, ఒక్కొక్క రంగే తెచ్చి చూసినా. పచ్చదాంతో నురగ బలే వచ్చింది. రెండో దినానికి తల తోలంతా బిగుసుకోని ఒగటే దురద. నీలందాని మీద చుండ్రుకే అని రాసినారు. అది పెట్టుకుంటే చుండ్రు పోలే, నా కండ్లు పోయేట్టయినాయి. మీ ప్రొద్దుటూరులోనే ఒక సీసా కొన్నా. దాని మీద ఆకులు, పూలు, "న్యాచురల్" అని పెద్దక్షరాలు. అంగడాయప్ప "శానా మైల్డక్కా, చంటిబిడ్డకైనా పొయ్యొచ్చు" అన్నాడు. పోసుకుంటే గిన్నెలు తోమే సబ్బు వాసన. ఆకులన్నీ సీసా మీదనే ఉండాయి, లోపల ఒకటి లేదు!

శీకాయ వాడచ్చు గదా అంటారేమో. మా అమ్మ ఉత్త శీకాయతోనే పోసేది. నా ఎండు తలకు అది రుద్దితే ఇంకా పగుళ్లిచ్చింది. పెరుగు పట్టించుకున్నా, ఈగలు ముసురుకున్నాయి. ఉల్లిగడ్డ రసం పట్టించుకున్నా, మా ఆయన మంచం ఎత్తుకోని పంచలోకి పోయినాడు.

ఇంక మిగిలింది ఒకటే. పద్దమ్మ ఏం పోసుకుంటాదో తెలుసుకునేది.

ఎట్లా తెలుసుకునేది? కొత్తలో ఇద్దరమూ బోరింగు కాడికి కలిసే పోతాంటిమి, వదినా వదినా అనుకుంటా. ఆరేండ్లయింది మాటల్లేక. ఇప్పుడు పోయి "వదినా, నీ షాంపూ ఏంది" అంటే సాయంత్రానికి ఓబులేసు పెండ్లాం పార్టీ మారిందంటారు. పైగా ఆయమ్మ ముందర నాకు చుండ్రని ఒప్పుకోవాల్నా? సస్తే ఒప్పుకోను!

గాజులమ్మే మాబున్ని మా వీధికి రెండు పక్కలా వస్తాది. గాజులకు పార్టీ లేదు గదా. ఆమెను లోపలికి పిలిచి తలుపేసినా.

"మాబున్నీ, ఆ పద్దమ్మ తలకేం పోసుకుంటాదో కనుక్కోని, కొంచెం తీసకరా. నా పేరు మాత్రం చెప్పద్దు."

"మరి ఎవరికని చెప్పాలక్కా?"

"నీ బిడ్డ నసీమాకు పెండ్లి కుదిరింది గదా, ఆ పిల్లకని చెప్పు."

"నా బిడ్డకు చుండ్రు లేదక్కా!" అని రోషం తెచ్చుకునింది.

"చుండ్రని ఎవురు చెప్పమన్నారు? పెండ్లికూతురు, జుట్టు బాగుండాలని చెప్పు."

ఎనిమిది దినాలకు మాబున్ని గాజుల గంప అడుగునుంచి మూడు ఉండలు తీసి నా చేతిలో పెట్టింది. పాతగుడ్డలో పొడి పోసి, కారకుండా పురికొసతో చుట్టిందే చుట్టి, ఒక్కొక్కటి కొబ్బరికాయంత చేసినారు. "పద్దక్క శానా మంచిదక్కా. వాళ్లమ్మ పులివెందుల కాడ పల్లెలో దంచి పంపిస్తాదంట. పెండ్లికూతురికి అనంగానే ఇంట్లో ఉన్నిందంతా ఇచ్చేసింది" అనింది.

నేను సంతోషపడాల్నా వద్దా? పడలే. ఇంత మంచిదెందుకయింది ఈమె, పిసినారి అయ్యింటే నాకెంత నెమ్మదిగా ఉండు అనుకున్నా. చూడండి నా బుద్ధి!

శనివారం దాకా వాటిని దాచిపెట్టాల. మా ఇంట్లో మా ఆయన చెయ్యి పెట్టని చోటు ఒకటే, ఎనుముకు పెట్టే తౌడు తొట్టి. దాంట్లో అడుక్కంటా పూడ్చిపెట్టి పైన తౌడు కప్పినా.

బేస్తవారం పొద్దున నేను బిందెలు తీసుకోని బోరింగు కాడికి పోయినా. ఎనుము అరిచింది. మా ఆయన పోయి తౌడేద్దామనుకున్నాడు. పదైదేండ్ల కాపురంలో ఆయన ఎనుముకు తౌడేసేకి పోయింది అదే మొదటిసారి! ఎలక్షన్లు దగ్గరపడినాయి గదా, మంచితనం అలవాటు చేసుకుంటాండాడేమో.

మోచేతి దాకా తౌట్లో పెట్టినాడు. గుండ్రంగా, గట్టిగా, పురికొస చుట్టినేది చేతికి తగిలింది. మన సీమలో మగోనికి అది తగిలితే ఏం గుర్తుకొస్తాది?

నేను నీళ్లతో తిరిగొచ్చేతలికి మా రేకు తొట్టి నడివీధిలో, బండల మీద ఉండాది. నలుగురు దాన్ని పసిబిడ్డను దించినట్టు దించి ఎనక్కి ఎనక్కి నడుస్తాండారు. మా పక్కోళ్లంతా ఈడ, వాళ్ల పక్కోళ్లంతా ఆడ. చేతుల్లో కట్టెలు. ఇద్దరు ముగ్గురి చేతుల్లో కొడవండ్లు. మా ఆయన చేతికి ఇంకా తౌడంటుకోనుంది.

"రేయ్ గంగాధరా! నా ఇంట్లో బాంబులు దాపెట్టించి పోలీసోళ్లకు పట్టిద్దామనుకుంటివా?"

"నీ ఇంట్లో బాంబులుంటే నన్నడుగుతావేంది? నువ్వే చుట్టుకోనుంటావు!"

"నోరు మూసుకో!"

"దావ దాటి రా, మూయిద్దువు!"

అప్పుడు నాకు మొదట ఏమనిపించిందో చెప్తే మీరు ఉమ్ముతారు నా మీద. అయ్యో, మనుషులు నరుక్కుంటారే అని కాదు. అయ్యో, నాకు చుండ్రని పద్దమ్మకు తెలిసిపోతాదే అని! ఆమె వాళ్ల వాకిట్లోనే నిలబడింది, జడ ముందుకేసుకోని.

ఒక్క నిమిషమే. తర్వాత గంగాధరు దావ మీదికి ఒక అడుగేసినాడు. నాకు గొంతు దానంతటదే లేచింది.

"ఆపండయ్యా! అవి బాంబులు కాదు. మందు!"

మా ఆయన నా పక్క తిరిగినాడు. "మందని నాకు తెలీదా? దేంతో చేస్తారే బాంబులు?"

"అది గాదు, తలకు మందు!"

"ఎవురి తలకు?"

"నా తలకు!"

"చూడండ్రా! నా పెండ్లాం తలకు మందు పెట్టినారంట!" అని ఆయన గంతేసినాడు.

"పెట్టలేదయ్యా, నేనే తెప్పించుకున్నా! మాబున్ని తెచ్చిచ్చింది!"

ఆ మాట అని ఉండకూడదు. మా పక్కనుంచి ఎవురో "గాజుల గంపలో బాంబులు తోలుతాందా మాబున్ని!" అని అరిచినారు. "పట్టుకరాండి దాన్ని!" అన్నారు ఇంకెవురో. బిడ్డ పెండ్లి పెట్టుకోనుంది ఆ మనిషి. నా పరువు కోసరం ఆమెను ఇరికిచ్చేదా?

ఇంక సిగ్గెక్కడిది. తల మీది కొంగు తీసేసి, తలొంచి, రెండు చేతులతో గోకి చూపించినా. "చుండ్రయ్యా! నాకు చుండ్రు! తలంతా చుండ్రు! ఎన్ని షాంపూలు మార్చినా పోలే! ఆయమ్మ జుట్టు మాదిరి నాకుండాలని ఆ ఇంటి పొడి దొంగతనంగా తెప్పించుకున్నా!"



నమ్మినారంటారా? నమ్మేలోపలే మా పక్క తెలివైనోడొకడు, బాంబు తడిస్తే పేలదని, బోరింగు నీళ్లు బిందెలు బిందెలు తొట్టిలో పోసినాడు. ఉండలు ఊడిపోయినాయి. కుంకుడు, శీకాయ, తౌడు, అన్నీ కలిసి బుసబుసమని తెల్లగా నురగ లేచింది తొట్టి మీదికి.

"పొంగుతాందిరోయ్! పేల్తాది!"

అంతే! కట్టెలు, కొడవండ్లు యాడివి ఆడ పారేసి అందరూ ఒకే దిక్కుకు పరుగు. ఆ దిక్కున ఉండేది గంగాధరు వాళ్ల ప్రహరీ గోడ ఒకటే. రెండు పార్టీలోళ్లూ దాని ఎనక పోయి ఒకర్నొకరు కరుచుకోని కూర్చున్నారు. మా ఆయన మాత్రం నురగ పారిన బండ మీద కాలేసి, సర్రున జారి, బోర్లా పడి, తలకాయ తొట్టిలో పెట్టినాడు.

పేలలే. నురగ మెల్లగా కాలవలోకి పారుతాంది.

పద్దమ్మ చెప్పులిప్పి, కుచ్చిళ్లు ఎత్తుకోని, జారకుండా నడిచి దావ దాటొచ్చింది. తొట్టిలో పొడి వేలితో తీసి వాసన చూసింది. "నసీమా పెండ్లికని నేనిచ్చింది గదా ఇది" అనింది. నేను తల ఎత్తలే. నా భుజం మీద చెయ్యేసి, "వదినా, నన్నడిగింటే ఇయ్యకపోదునా?" అనింది.

ఆరేండ్ల తర్వాత మొదటి మాట. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఆ మాటతో ఆపింటే ఆయమ్మ దేవత. ఆపితే గదా!

నా పాపిట కాడ వెంట్రుకలు పక్కకు తీసి చూసి, "అయినా ఈ పొడి నీకు పనికి రాదులే వదినా. ఇది మంచి తలకు. దీంట్లో కుంకుడెక్కువ, నీ తోలు ఇంకా ఎండిపోతాది. నీకు కుంకుడు చిటికెడు, మెంతులు, పెసలు, మందారాకు ఎక్కువేసి వేరేగా కలిపిస్తా. ఉత్త నీళ్లల్లో కాదు, గంజిలో కలిపి పట్టించు. గోళ్లతో గోకద్దు" అనింది.

మంచి తలకంట! రెండు పార్టీల ముందర! గోడ ఎనకనుంచి అందరూ వింటాండారు. దానికంటే బాంబు పేలింటేనే బాగుండు.

గంగాధరు ముందు నవ్వినాడు. తర్వాత మా పక్కోళ్లు నవ్వినారు. మా ఆయన తల మీద నురగతో లేచి నిలబడితే ఎనుము గూడా ఒకసారి అరిచింది. కొడవండ్లు పారేసినోళ్లు ఎవురిది ఏదో ఎతుక్కోని, పంచెల్లో దాపెట్టుకోని, ఇండ్లకు పోయినారు. పెద్దగా మనసులేం కలిసిపోలే, అదేం అనుకోవద్దండి. ఇప్పటికీ జీపులు వేరే, జెండాలు వేరే. కాకపోతే మేమిద్దరమూ ఇప్పుడు బోరింగు కాడ మాట్లాడుకుంటాము. మాబున్ని కాళ్లు పట్టుకున్నంత పని చేసి, నసీమాకు పెట్టుడు చీర నేనే కొన్నా.

పద్దమ్మ మాట తప్పలే. ఆదివారానికల్లా కొత్త పొడి డబ్బా నిండా పంపించింది. "ఆ ఇంటి పొడి నా గడప దాటకూడదు!" అని మా ఆయన ఎగిరినాడు. గడప దాటలేదు లెండి, స్నానాలగదికి పెరటి తలుపు వేరే ఉండాది గదా. వారానికొకసారి, గంజిలో, గోళ్లు తగలకుండా. సగానికి సగం తగ్గింది. దురద పోయింది. మొన్న మొన్ననే నల్ల జాకెట్టు గూడా తొడిగినా.

సంతోషమే గదా అంటారా? ఉండండి.

రెండు నెలలకొచ్చే డబ్బా మూడు వారాలకే అడుగంటింది. నాకు అనుమానమొచ్చింది. పోయిన శనివారం తెల్లారి లేచి చూస్తే గంజి చెంబు కనపళ్లే. స్నానాలగది తలుపు సందులోనుంచి చూసినా. పార్టీ పెద్దమనిషి, మా ఓబులేసు, కండ్లు గట్టిగా మూసుకోని, గోళ్లు తగలకుండా, మెల్లంగా రుద్దుకుంటాండాడు! ఆయప్పకూ చుండ్రంట. తెల్లచొక్కాల మీద కనపడక ఇన్నేండ్లు ఎవురికీ తెలీలేదు, అంతే.

మొన్న ముద్దనూరులో పెండ్లికి పోతే ఆడోళ్లంతా ఆయన చుట్టూ మూగినారు. "అన్నా, నీ జుట్టు ఏమిటికింత నిగనిగలాడుతాంది? ఏం షాంపూ?" అని. ఆయనేమో "ఏం లేదక్కా, మా వంశంలోనే ఉండాది" అంటాడు! నన్ను ఒక్కరడిగితే ఒట్టు.

ఇదివరకు పద్దమ్మను చూసి కుళ్లుకోవాలంటే కిటికీ కాడికన్నా పోవాల్సొచ్చేది. ఇప్పుడు ఆ కష్టం గూడా లేదు. నా కడుపుమంట నా పక్కనే, నేను ఉతికిన దిండు మీదనే, తల పెట్టుకోని పండుకుంటాంది!