డోనల్ గారి చోటు

పరంధామయ్య గారు కాకినాడ కలెక్టరేటులో హెడ్ క్లర్కుగా ఉన్నంతకాలం, గణతంత్ర దినోత్సవ కవాతులో శకటానికీ శకటానికీ నడుమ సందు పడిన పాపాన పోలేదు. కలెక్టర్లు మారారు గాని, తెల్ల చేతిరుమాలు ఊపి వరుస నడిపే ఆయన మారలేదు. పదవీ విరమణ తరువాత కూతురు శ్రీవిద్యతో షికాగో శివార్లలోని ఒక చిన్న పట్టణంలో స్థిరపడినా, ఆ గర్వం ఆయన వెంటే వచ్చింది.

ఆ పట్టణంలో ఏటా మార్చి నెలలో ఐరిష్ వారి ఊరేగింపు జరుగుతుంది. పూర్వం కాలువ తవ్వడానికి ఐర్లండ్ నుండి వచ్చిన కూలీలు ప్రారంభించిన ఆచారమది. దాని వరుసలు నడిపే బాధ్యత చూసే పొరుగింటి డోనల్ గారికి, కాలిబాట మీద నిలబడి లోపాలెంచే పరంధామయ్య గారితో స్నేహం కుదిరింది. మొన్నటి చలికాలంలో డోనల్ గారు కన్నుమూశారు. ఆయన భార్య నోరీన్ గారు వరుసలు నడిపేటప్పుడు భర్త భుజాన వేసుకునే ఆకుపచ్చ పట్టీని స్వయంగా తెచ్చి పరంధామయ్య గారి భుజాన వేశారు.

“ఇది మీరు వేసుకోవాలని ఆయన కోరిక, పరమ్,” అన్నారు.

ఈసారి తెలుగు సంఘం పిల్లలకు కూడా ఊరేగింపులో కోలాటం ఆడే అవకాశం దక్కింది. వారిని నడిపించేది మనవరాలు తన్వి.

“తాతయ్యా, ఇది రిపబ్లిక్ డే కాదు. కొంచెం రిలాక్స్ అవ్వండి,” అన్నది ఆ పిల్ల, ఆయన మళ్ళీ మళ్ళీ వరుస సరిచేస్తుంటే.

“వరుస తప్పితే అది ఊరేగింపు కాదమ్మా, సంత.”

బ్యాగ్‌పైపులు ఊదే బృందం ముందుకు సాగింది. దాని వెనుక నోరీన్ గారి కుటుంబం. ఆ రెంటి మధ్య పది మంది పట్టేటంత చోటు ఖాళీగా కనిపించేసరికి పరంధామయ్య గారి ప్రాణం విలవిలలాడింది. పక్కవీధిలో తమ వంతు కోసం వేచి ఉన్న పిల్లలకు చేతిరుమాలు ఊపి, “పదండి, పదండి” అంటూ ఆ సందులోకి పంపారు. కోలలు మోగాయి. జనం చప్పట్లు ఎందుకో ఆగాయి. నోరీన్ గారు తల దించుకున్నారు. అలసట కాబోలు అనుకున్నారాయన.

అంతా ముగిశాక తన్వి ఆయనను పక్కకు తీసుకుపోయింది.

“తాతయ్యా, అది గ్యాప్ కాదంట. నా ఫ్రెండ్ ఇప్పుడే చెప్పింది. ఆ ఇయర్ చనిపోయినవాళ్ళ కోసం వదిలే ప్లేస్ అంట. కాలువ తవ్వుతూ పోయిన వర్కర్స్ టైమ్ నుంచి అలానే చేస్తారంట. ఈసారి డోనల్ అంకుల్ కోసం వదిలారు. నెక్స్ట్ ఇయర్ ఆ అంకుల్‌కి ఉండదు.”

“మరి నాకెవరూ చెప్పలేదేమమ్మా?”

“వాళ్ళందరికీ తెలిసిందే కదా. మీరు అడగలేదు.”

తల కొట్టేసినట్లయింది. ఇన్నేళ్ళూ లోపాలెంచారు గాని, ఇది ఎందుకిలా అని ఒక్కనాడూ అడగలేదు. మిత్రునికి దక్కవలసిన ఒకే ఒక్క చోటును, ఆ మిత్రుని పట్టీ ధరించి, తానే పూడ్చివేశారు.

నోరీన్ గారు కాలిబాట అంచున కూర్చుని ఉన్నారు. పరంధామయ్య గారు పట్టీ తీసి రెండు చేతులా అందించారు.

“తప్పు నాది. పిల్లలది కాదు. దీనికి నేను తగను.”

ఆమె అందుకోలేదు. “డోనల్ అయితే నవ్వేసేవాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, పరమ్.” కాసేపు రోడ్డు వైపు చూశారు. “ఇంకా కార్లు వదల్లేదు కదా?”

“లేదండీ. ఊడ్చే బండి మాత్రం వస్తోంది.”

“దాన్ని ఆపండి.”

ఆమె లేచి, రంగు కాగితాలు చెల్లాచెదురైన నడివీధిలోకి వెళ్ళి, తన ముందు డోనల్ గారికి ఆ పది మంది పట్టే చోటు విడిచి, ఒంటరిగా నడక సాగించారు. పట్టీని మళ్ళీ భుజాన వేసుకునే ధైర్యం లేక, చేతిలోనే పట్టుకొని పరంధామయ్య గారు బండికి అడ్డంగా నిలిచారు. డ్రైవరు హారన్ కొట్టాడు. మడత కుర్చీలు సర్దుకుంటున్న జనం తిరిగి చూశారు. ఆమె ఎంతదూరం వెళ్ళారో తల ఎత్తి చూడడానికి ఆయనకు మొహం చెల్లలేదు.

“నోరీన్ ఆంటీ కార్నర్ దాటేశారు, తాతయ్యా. ఇక రండి,” అని తన్వి చెప్పేవరకు అలాగే నిలబడ్డారు.