అమ్మ మాత్ర, ఎండ్రకాయ బొక్కలు

నా చిన్నప్పుడు మా అమ్మ కొన్నాళ్లు నవ్వడం మానేసింది. జ్వరం లేదు, నొప్పి లేదు. గోడవైపు తిరిగి పడుకునేది. బడి నుంచి వచ్చి పక్కన కూర్చున్నా పలకరించేది కాదు. ఇక నాతో ఎప్పటికీ మాట్లాడదేమోనని నాకు ఒకటే భయం.

తాయెత్తులూ దిష్టి తీయడాలూ అయ్యాక మా తాత ఆమెను ప్రొద్దుటూరులో డాక్టరమ్మకు చూపించాడు. ఆమె రోజుకొక మాత్ర రాసింది. మనసును నిలకడగా ఉంచే పదార్థమొకటి మెదడులో ఊరుతుందని, అది వెంటనే వెనక్కి ఇంకిపోకుండా ఈ మాత్ర ఆపుతుందని, గుణం కనబడడానికి వారాలు పడుతుందని, బాగనిపించినా తనను అడగకుండా మానొద్దని చెప్పిందట.

మా జేజికి, అంటే నాయనమ్మకు, ఇవేవీ తలకెక్కలేదు. ఇంగ్లీషు మాత్రలు ఒంటికి వేడి అని ఆమె నమ్మకం. అందుకని అమ్మ ఏడ్చిన రోజు మాత్ర ఇచ్చేది, ఏడవని రోజు సబ్జా నీళ్లు తాగించేది. తలనొప్పి బిళ్లలాగా నడిపింది మహాతల్లి! అమ్మకు కడుపులో తిప్పడమే మిగిలింది. ఇక మాత్రలు పారేయమని తేల్చేసింది జేజి.

మా తాతకు ముక్కుమీదే కోపం, ఆ రోజు మాత్రం అరవలేదు. మైలవరం డ్యాం నుంచి కాలువకు నీళ్లు వదిలిన రోజులవి. జేజినీ నన్నూ చేనికి పిలుచుకుపోయాడు. పిల్లకాలువ గట్టంతా ఎండ్రకాయ బొక్కలే, పీతలు తొలిచినవి. నీళ్లు వాటిలోకే పోతున్నాయి, మడి పొడిగానే ఉంది. తాత ఒక్కో బొక్కలో గడ్డీ బంకమట్టీ కుక్కాడు. శానాసేపటికి మడి తడిసింది.

"నేనేమన్నా కొత్త నీళ్లు తెచ్చినానా? ఉన్న నీళ్లే నిలబడినాయి. ఆ మాత్ర చేసే పనీ ఇదే. నువ్వు దినం మార్చి దినం బొక్క తెరుస్తాండావు. ఇంగ ఆ పిల్ల మనసు యాడ తడుస్తాది?"

జేజి దారంతా గొణిగింది. తాత మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోయి జరిగింది చెప్పాడు. ఆమె చెప్పినట్టే అన్నం తిన్నాక రోజూ మాత్ర ఇచ్చింది జేజే. కొన్ని వారాలు ఏ మార్పూ లేదు. ఒక పొద్దున అమ్మ నన్ను పరీక్షగా చూసి, "ఏంది పాపా ఆ జడ? ఇట్ల రా" అంది. జడ వేస్తున్నంతసేపూ నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆ తర్వాత కూడా మాత్రలు చాలాకాలం నడిచాయి. చివరికి డాక్టరమ్మే మెల్లమెల్లగా తగ్గించి మాన్పించింది.

ఇప్పుడు మా వీధిలో ఎవరికైనా అలాంటి జబ్బు వస్తే, లేచి పని చేసుకుంటే అదే పోతుందని నేను అనను. మొదటి వారాల్లో ఏమీ కనబడదు, మందు మీదా మనుషుల మీదా నమ్మకం పోయేది అప్పుడే. ఆ వారాల్లో రోజూ పోయి వాళ్ల పక్కన కాసేపు కూర్చుంటాను.