ముప్పావు కిలో రాజేశం

2023లో నేను సిరిసిల్లలోని ఒక డయాలసిస్ సెంటర్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. అంతకు ముందు కోరుట్లలో చేశాను. సిరిసిల్లలో మాకు ఐదు మిషన్లు, రోజుకు మూడు షిఫ్టులు. కిడ్నీలు పనిచేయని మనిషి వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు మంచం మీద పడుకుంటే, పక్కనున్న మిషన్ రెండు పనులు చేస్తుంది. రక్తాన్ని శుభ్రం చేస్తుంది, ఒంట్లో నిలిచిపోయిన నీటిని తీసేస్తుంది. మొదటి పని రోగి కంటికి కనబడదు. రెండోది కాంటా మీద కనబడుతుంది. అందుకే మా దగ్గరికి వచ్చేవాళ్లకు కాంటా అంటే భయం, గౌరవం రెండూ ఉంటాయి.

ఇక్కడ ఒక మాట వివరించాలి. డ్రై వెయిట్ అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు మనిషి ఉండాల్సిన బరువు. దాన్ని డాక్టర్ నిర్ణయిస్తారు. రోగి రాగానే కాంటా ఎక్కిస్తాం. డ్రై వెయిట్ కన్నా ఎన్ని కిలోలు ఎక్కువుంటే అన్ని లీటర్ల నీరు తీసేలా మిషన్‌ను సెట్ చేస్తాం. రెండు సెషన్ల మధ్య ఒకటిన్నర, రెండు కిలోలు పెరగడం మామూలు. మూడు దాటితే మందలిస్తాం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సెంటర్లలోని రోగులకు వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. పేరు ‘సూది దోస్తులు’. ముప్పై మందికి పైగా ఉంటారు. చాలామంది ఒకరినొకరు చూసుకున్నది లేదు. చదవడం రానివాళ్లు ఎక్కువ కాబట్టి గ్రూపు మొత్తం వాయిస్ మెసేజ్‌లే. ఎవరి సెంటర్‌లో మిషన్ చెడిపోయింది, ఎవరికి సూది రెండోసారి పొడిచారు, ఎవరి మనవరాలు నడక నేర్చింది, దూప, అంటే దాహం, ఆగనప్పుడు నోట్లో ఏం వేసుకోవాలి, అన్నీ అందులోనే. మిషన్ గురించి డౌట్లు అడగడానికి నన్ను కూడా చేర్చుకున్నారు.

గ్రూపు పెట్టింది జగిత్యాల సత్తన్న. ఆటో నడిపేవాడు. వాళ్లది కల్లుగీసే కుటుంబం.

“మా తాత చెట్టెక్కి దిగిండు, మా నాయన ఎక్కి దిగిండు, నేను మిషిన్ ఎక్కి దిగుతున్న,” అని ఒకసారి మెసేజ్ పెట్టాడు. “ఇంటి నిండ కల్లు లొట్లున్నయి. నాకేమో దినాం అర లీటరు నీళ్లు. గిదేం లెక్కనో ఆ దేవునికే ఎరుక.”

ఆ గ్రూపులో ఒక అలవాటు మెల్లగా స్థిరపడింది. డయాలసిస్ రోజున ప్రతి ఒక్కరూ తాము ఎంత బరువు ‘ఎక్కిందీ’ చెప్పాలి. తక్కువ ఎక్కినవాళ్లకు మెప్పు, ఎక్కువ ఎక్కినవాళ్లకు తిట్లు. అందులో మంచి ఉంది. మేం వంద సార్లు చెప్పినా వినని మనిషి, సత్తన్న తిడతాడని నీళ్ల చెంబు పక్కన పెట్టేవాడు.

ఈ పందెంలో అందరికన్నా ముందున్నవాడు మా సెంటర్‌కు వచ్చే రాజేశం. యాభై దాటిన మనిషి. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. ఇరవై ఏళ్లకు పైగా సాంచల మీద పనిచేసి, జబ్బు వచ్చాక మానేశాడు. ఆయన ఎప్పుడు కాంటా ఎక్కినా డ్రై వెయిట్ కన్నా ముప్పావు కిలో, మహా అయితే కిలో. గ్రూపులో ఆయనను ‘ముప్పావు కిలో రాజేశం’ అనేవారు. కొత్తగా చేరినవాళ్లకు సత్తన్న ఆయన్నే చూపించేవాడు. “సిరిసిల్ల రాజేశన్నను అడుగుండ్రి. ఎట్ల ఉండాల్నో గాయన చెప్తడు.”

నా వరకు కూడా ఆయన ఇబ్బంది లేని రోగి. ముఖం నిండుగా ఉండేది. బీపీ మాత్రం కొంతకాలంగా పెరుగుతోంది. మాత్ర ఒక్కోరోజు మరిచిపోతున్నానని ఆయన అన్నాడు. డాక్టర్ మాత్ర మార్చారు.

వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం కోరుట్ల నుంచి నర్సవ్వ ఫోన్ చేసింది. నేను కోరుట్లలో ఉన్నప్పుడు ఆమెకు డయాలసిస్ సూది పెట్టేది నేనే. బీడీలు చుడుతుంది. ఒడిలో చాట, చాటలో ఆకు, తంబాకు. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ. అందుకని ఫోన్ పక్కన పెట్టుకుని గ్రూపులో వచ్చిన ప్రతి మాటా వింటుంది. నచ్చినవి మళ్లీ మళ్లీ వింటుంది.

“కొడుకా, రాజేశం తమ్మునికి పానం మంచిగ లేదు. జర చూడు,” అంది.

“బాగానే ఉన్నాడమ్మా. మొన్ననే వచ్చిపోయిండు. ముప్పావు కిలోనే ఎక్కిండు.”

“కిలోల ముచ్చట గాదు. మాట వినబుద్ధి అయితలేదు. ఇంతకు ముందు ఒక్క దమ్ముల అంత చెప్తుండె. ఇప్పుడు రెండు మాటలంటడు, ఆగుతడు, మల్ల రెండు మాటలంటడు. నడుమల ఉస్సు ఉస్సుమంటడు.”

“వర్షాకాలం కదా, జలుబు చేసిందేమో.”

“జలుబు నాకెరుక లేదా? ఇంకోటి చెప్తా విను. ఏం తిన్నవ్ తమ్మీ అంటే ఇదివరకు ఏం కూర, ఎవ్వలు వండిన్రు, ఉప్పు తక్కువైందా, అన్ని చెప్తుండె. ఇప్పుడు తిన్న అంటడు. గంతే. నువ్వైతే చూడు.”

మరునాడు రాజేశం వచ్చాడు. కాంటా ఎక్కాడు. ఎనిమిది వందల గ్రాములే ఎక్కువ. నర్సవ్వ అంత గట్టిగా చెప్పింది కాబట్టి, మంచం తలవైపు దించి వెల్లకిలా పడుకోమన్నాను. పడుకున్నాడు. నిమిషం కాకముందే రెండు చేతులతో మంచం అంచులు పట్టుకుని లేచి కూర్చున్నాడు.

“గిట్ల వద్దు సారూ. ఎత్తే పెట్టు.”

“ఇంట్లో ఎట్ల పడుకుంటున్నవ్?”

ఆయన తలుపు వైపు చూశాడు. బయట బెంచీ మీద ఉన్న ఆయన భార్యను పిలిచి అడిగాను. ఆమె ముందు భర్త వైపు చూసింది. తర్వాత చెప్పింది.

“గోడకు ఒరిగి కూసుండే పండుతుండు సారూ. పండుకుంటే దమ్ము ఆడ్తలేదట. ఎవ్వలకు చెప్పద్దన్నడు.”

చొక్కా పైకి లాగి చూశాను. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. భుజాల మీద కండ లేదు. పాదాలు మాత్రం వేలితో నొక్కితే గుంట పడుతున్నాయి. నిండుగా కనిపించిన ముఖం కూడా నీరే. అప్పుడు లెక్క మొత్తం అర్థమైంది.

కాంటా బరువు చెబుతుంది. అది నీటి బరువా, కండ బరువా చెప్పదు. రాజేశం డ్రై వెయిట్ యాభై ఆరు. కొన్ని నెలలుగా ఆయన సరిగా తినడం లేదు. కండ కరిగింది. కరిగిన కండ చోటులో నీరు చేరింది. మొత్తం మాత్రం యాభై ఆరుగానే ఉంది. మేం యాభై ఆరుకు దించి, పని పూర్తయిందనుకుని ఇంటికి పంపుతున్నాం. లోపల కిలోలకొద్దీ నీరు అలాగే ఉండిపోతోంది. ఇప్పుడది ఊపిరితిత్తులకు చేరింది.

డాక్టర్‌కు ఫోన్ చేశాను. ముందు ఎక్స్‌రే తీయించమన్నారు. అది చూసి డ్రై వెయిట్ తగ్గించమని, ఆ రోజు అల్ట్రాఫిల్ట్రేషన్ కలిపి చేయమని చెప్పారు. అంటే ఎక్కువ సమయం తీసుకుని నీటిని మాత్రమే మెల్లగా తీయడం. తొందరపడితే బీపీ పడిపోతుంది, ఆలస్యమైతే ఊపిరి ఆడదు. ఆక్సిజన్ పెట్టి మొదలుపెట్టాం. మూడో గంటలో బీపీ ఒక్కసారిగా పడింది. నీరు తీయడం ఆపి, కాళ్లు ఎత్తిపెట్టి, సెలైన్ ఇచ్చాం. కాళ్లు పట్టేసి రాజేశం పళ్లు బిగబట్టాడు. భార్య పిక్కలు ఒత్తుతూ కూర్చుంది. ఆ వారమంతా అదనంగా సెషన్లు పెట్టాం. చివరకు ఆయన అసలు డ్రై వెయిట్ యాభై రెండని తేలింది. నాలుగు కిలోల మనిషి పోయి, నాలుగు కిలోల నీరు వచ్చింది.

కాస్త తేరుకున్నాక అడిగాను, ఎందుకు తినలేదని.

“తింటే దూప అయితది సారూ. దూపైతే నీళ్లు తాగాలె. తాగితే కాంటా ఎక్కుతది. తినకపోతే ఏ లొల్లి లేదు.”

“ఎక్కితే ఏమైతది? మిషన్ ఉన్నదే తీయనీకి.”

ఆయన మిషన్‌లో తిరుగుతున్న రక్తం వైపు చూశాడు.

“సాంచ మీద ఉన్నప్పుడు నా బట్టల తప్పు దొరకకపోయేది. సేటు పదిమంది ముందల నా బట్ట థాను విప్పి చూపిస్తుండె. ఇప్పుడు ఏం పని చేస్తున్న? పొద్దంత కూసుంటున్న. గా గ్రూపుల ఒక్కటే జర పేరున్నది. గది గూడ పోగొట్టుకోవాల్నా?”

డాక్టర్ స్పష్టంగా చెప్పారు. ఇలాగే తినకపోతే మళ్లీ కండ కరుగుతుంది, మళ్లీ నీరు దాక్కుంటుంది, ఇంకోసారి తట్టుకునే శక్తి గుండెకు లేదు. రోజూ గుడ్డు తెల్లసొన, పప్పు, కొలతతో చికెన్ రాసిచ్చారు. రాజేశం తల ఊపాడు. గ్రూపులో కూడా తింటున్నానని చెప్పాడు. నెల తిరిగాక రక్త పరీక్షలో ఆల్బుమిన్ ఇంకా తక్కువే వచ్చింది. ఆల్బుమిన్ రక్తంలో ఉండే ఒక ప్రొటీన్. నోరు తిన్నానని చెప్పినా, తినకపోతే అది పెరగదు. కాంటా మీద మళ్లీ ముప్పావు కిలో.

రోగి రిపోర్టు ఇంకొకరికి చెప్పడం మా పనిలో తప్పు. నేను నర్సవ్వకు ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. గ్రూపులో ఆయన మాట రోజూ వింటున్న ఆమే ఫోన్ చేసింది.

“కొడుకా, వేములవాడ వస్తున్న. ఒకరోజు సిరిసిల్లల మిషిన్ దొరుకుతదా?”

దీన్ని గెస్ట్ సెషన్ అంటాం. రోగి ప్రయాణంలో ఉంటే, రిపోర్టులు చూసి, అనుమతి తీసుకుని, దారిలోని సెంటర్‌లో ఒక పూట చేస్తారు. వేములవాడ రాజన్న దేవుడి దర్శనానికి వచ్చేవాళ్లకు మేం అప్పుడప్పుడు చేస్తుంటాం.

“ఏ రోజు కావాలమ్మా?”

“రాజేశం తమ్ముడు వచ్చే రోజు.”

వచ్చింది. నేను అనుకున్నదానికన్నా చిక్కిపోయింది. ఆమెను రాజేశం పక్క మంచానికే పెట్టాను. ఇద్దరికీ సూదులు పెట్టాక, మూడేళ్లుగా రోజూ మాట్లాడుకున్న ఆ ఇద్దరూ మాటలు దొరకక చెరో వైపు చూస్తూ కూర్చున్నారు. రాజేశం కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నర్సవ్వ దుప్పటి సర్దుకుంది. కాసేపటికి రాజేశం ఫోన్ తీసి, గ్రూపులో మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాడు. “కోరుట్ల నర్సక్క మా కాడికి వచ్చింది...”

“ఇగో, నేనిక్కడ్నే ఉన్న. గా ఫోన్ల చెప్పుడెందుకు? నాకు చెప్పు,” అంది నర్సవ్వ.

పక్క మంచాలవాళ్లు నవ్వారు. రాజేశం ఫోన్ పక్కన పెట్టాడు.

ఆమె సంచిలోంచి డబ్బా తీయించి రాజేశం మంచం మీద పెట్టించింది. జొన్నరొట్టె, ఉప్పులేని గుడ్ల కూర. డయాలసిస్ మొదటి గంటలో తినవచ్చు, మేం తినమనే చెబుతాం.

“దర్శనం నిన్ననే అయ్యింది. పొద్దున సత్రం కాడ పొయ్యి పెట్టి వండిన. తిను.”

“ఇంట్ల తినొచ్చిన అక్కా.”

“ఏం తిన్నవ్?”

“కూర.”

“ఏం కూర?”

రాజేశం డబ్బాను కాస్త పక్కకు జరిపాడు.

“తమ్మీ, నువ్వు ఫోన్ల ఏమన్న చెప్పు, నేను నమ్మాలె. గందుకే వచ్చిన. నాకు నీ కిలోలు వద్దు. పొద్దున లేచి బీడీల చాట ముందర కూసుంటే నీ మాట వినవడాలె. మొన్న మా షిఫ్టుల ఇద్దరు పోయిన్రు. ఇంకెంతమంది మాటలు ఆగిపోవాలె?”

సూది ఉన్న చేయి కదపకూడదు. రాజేశం రెండో చేత్తో రొట్టె తుంచడానికి ప్రయత్నించాడు, రాలేదు. నేను గ్లవ్స్ మార్చుకుని ముక్కలు చేసి పెట్టాను. ఆయన తల వంచుకుని తిన్నాడు. మెల్లగా తిన్నాడు. నర్సవ్వ చివరి ముక్క దాకా చూస్తూనే ఉంది. ఆ తర్వాత కళ్లు మూసుకుని నిద్రపోయింది.

తర్వాతి సెషన్‌కు రాజేశం వచ్చినప్పుడు కాంటా కిలో తొమ్మిది వందలు ఎక్కువ చూపించింది. ఆయన కొంతసేపు ఆ అంకె మీదే నిలబడ్డాడు. తర్వాత మంచం ఎక్కి, నన్ను ఆగమని, ఫోన్ తీశాడు.

“సిరిసిల్ల రాజేశం మాట్లాడుతున్న. ఇయ్యాల రెండు కిలోలకు జర తక్కువ ఎక్కిన. నిన్న కోడికూర తిన్న, నా పెండ్లాం వండింది, ఉప్పు లేక గడ్డి లెక్కున్నది. ఇన్ని రోజులు తినక తక్కువ ఎక్కిన. ఎవ్వలు నా తీరుగ చేయకుండ్రి.”

మొదట సత్తన్న మెసేజ్ వచ్చింది. “రాజేశన్నా, నిన్ను చూపిచ్చి అందరిని తిట్టినోన్ని నేనే. రేపటి సంది కిలోలు సార్లకు చెప్పుకుందాం. గీడ ఏం కూరనో చెప్పుకుందాం.” అలాగే జరిగింది. ఆ నెలలోనే ఇంకో ఇద్దరు తాము కూడా పూటలు మానుకున్నామని బయటపెట్టారు.

రాజేశం ఇప్పటికీ వస్తున్నాడు. డ్రై వెయిట్ యాభై మూడున్నరకు పెరిగింది, ఈసారి కండతో. నర్సవ్వ కోరుట్లలోనే ఉంది. వాళ్లు మళ్లీ కలుసుకోలేదు.

ఈ కేసు వల్ల నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. తక్కువ బరువు ఎక్కే రోగిని ఇప్పుడు ఎక్కువ జాగ్రత్తగా చూస్తాను. మంచం దించి పడుకోబెట్టి, భుజాలు, పాదాలు చూసి, డ్రై వెయిట్ మళ్లీ లెక్కించమని డాక్టర్‌ను అడుగుతాను. రెండోది ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పనిది. కొత్త రోగి వస్తే, “నీతోని దినాం మాట్లాడేటోళ్లు ఎవ్వలు?” అని అడుగుతాను. చాలామంది వెంటనే ఒక పేరు చెబుతారు. కొందరు మాత్రం జవాబు కోసం వెతుక్కుంటూ మిషన్ వైపు చూస్తుండిపోతారు. గ్రూపులో చేరడానికి వాళ్లు సరేనంటే, ఆ రోజే వాళ్ల నంబర్ సత్తన్నకు పంపిస్తాను.