జేబులో మిగిలిపోయిన పిన్ను

1962లో నేను నెల్లూరులో ఒక ప్రైవేటు బస్సు సర్వీసు షెడ్డులో మెకానిక్కుని. మా బస్సులు మైపాడుకి, కోటకి, కొడవలూరుకి, బుచ్చిరెడ్డిపాలేనికి తిరిగేవి. మెకానిక్కంటే ఇప్పటి పిల్లలు ఏమనుకుంటారో గానీ, ఆ రోజుల్లో బస్సు కింద వెల్లకిలా పడుకుని బతికేవాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అన్నిటికన్నా కష్టమైన రిపేరు ఏదని ఎవరైనా అడిగితే, ఇంజను పేరు చెబుతానని ఎదురుచూస్తారు. ఇంజను కాదు. వేలెడంత లేని ఒక పిన్ను.

ఆ పిన్ను ఏమిటో ముందు చెప్పాలి. బస్సు ముందు చక్రాలు రెండూ ఒకే వైపు తిరగాలంటే వాటిని కలిపి ఉంచే ఒక కడ్డీ ఉండాలి. దాన్ని టై రాడ్ అంటారు. దాని కొసన బోల్టుకి కాజిల్ నట్టు పడుతుంది, అంటే పైన గాట్లున్న నట్టు. నట్టు బిగించాక ఆ గాటులోంచి బోల్టు రంధ్రంలోకి స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ చెరోవైపు మడవాలి. ఇక నట్టు తిరగదు. పిన్ను లేకపోతే గుంటల రోడ్డు మీద నట్టు కొంచెం కొంచెంగా వదులై ఊడిపోతుంది. తరవాత ఏ చక్రం దారి దానిదే. డ్రైవరు చేతిలో స్టీరింగు ఉత్త అలంకారం.

మాది ప్రార్థన తప్పని ఇల్లు. బస్సు కిందికి దూరే ముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకోవడం నాకు అలవాటు. “రత్నం కింద కునుకు తీస్తా ఉండాడు, హారన్ కొట్టండ్రా” అని డ్రైవర్లు ఎగతాళి చేసేవారు. మా మేస్త్రీ మస్తాన్ సాయిబు మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకి వెళితే ఆయన పని నేను చూసేవాణ్ణి. ఆదివారం పొద్దున నేను చర్చిలో ఆరాధనకి వెళితే నా పని ఆయన చూసేవాడు. మా ఇద్దరి మధ్య ఇది ఎవరూ రాయని ఒప్పందం.

చిక్కల్లా దసరాకి వచ్చేది. ఆయుధపూజ ముందురోజు సాయంత్రం షెడ్డులో పనిముట్లన్నీ కిరసనాయిల్తో కడిగి, బల్ల మీద వరసగా పేర్చేవారు. ఒకసారి అక్కడికి చేరాక పూజ అయ్యేదాకా ముట్టుకోకూడదు. పూజ రోజు నేను ఇంట్లో ప్రార్థన చేసుకుని, అంతా అయ్యాక పనిలోకి వెళ్ళేవాణ్ణి. పెద్దాయన, అంటే మా ఓనరు, చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆ ఏడు ఆయన మంచాన పడ్డాడు. అల్లుడుగారు పెత్తనానికి వచ్చాడు. పూజ ముందురోజు సాయంత్రం అందరినీ పిలిచి, “రేపు అందరూ బొట్టు పెట్టుకుని నిలబడాల. ఇష్టంలేనోళ్ళు రానక్కర్లా” అన్నాడు. అన్నది అందరితోనే, చూసింది నా వంకే.

మస్తాన్ మేస్త్రీ నన్ను పక్కకి లాగాడు. “ఒరే రత్నం, నేను సాయిబుని. నేను నిలబడటంలా? చేతులు ఎనక్కి కట్టుకుని నిలబడి, శనగలు తినేసి పోదువు రా.”

“మీరు నిలబడండి మేస్త్రీ. నేను రాను” అన్నాను. ఒళ్ళు మండిపోతోంది.

ఆ మంటతోనే మైపాడు బస్సు కిందికి దూరాను. టై రాడ్ జాయింటు కొత్తది వేసి, నట్టు చేత్తో ఎక్కించాను. స్పానరు అందుకోబోతుంటే వాచ్‌మన్ గంపతో వంగి, “అన్నా, అదొక్కటే మిగిలింది, ఇచ్చెయ్యి. దేవుడికాడ పెట్టాల” అన్నాడు. ఇచ్చేశాను. పూజ కాగానే వచ్చి బిగిద్దామనుకుని పిన్ను జేబులో వేసుకున్నాను. బయటికి వస్తుంటే మేస్త్రీ అడిగాడు, “అయిందా?” అని.

“అయినట్టే మేస్త్రీ.”

ఈ పాడు మాట ఎన్ని కొంపలు ముంచిందో లెక్కలేదు. ఇంటికి వెళ్ళేదాకా నా మనసులో అల్లుడుగారి మాట తప్ప నట్టూ లేదు, పిన్నూ లేదు.

పూజ రోజున షెడ్డువాళ్ళ ఆడవాళ్ళనీ పిల్లల్నీ అలంకరించిన మైపాడు బస్సులో సముద్రానికి తీసుకెళ్ళడం ఆనవాయితీ. మా సుగుణకి అప్పుడు ఎనిమిదేళ్ళు. మేస్త్రీ మనవరాలు జానీ బీదీ, దానిదీ ఒకే తరగతి. వారం నుంచి ఇద్దరూ సముద్రం, సముద్రం అని కలవరిస్తున్నారు. ఆ పొద్దున్నే సుగుణ తల దువ్వించుకుని గుమ్మంలో నిలబడింది. నేను నిన్నటి ఖాకీ చొక్కాయే తొడుక్కుని, పూజ అయ్యాక పనిలోకి వెళదామని బయల్దేరి, గడప దాకా వెళ్ళి ఆగిపోయాను. రానక్కర్లేదన్నవాడి షెడ్డుకి నేనెందుకు వెళ్ళాలి?

“మనం పూజ బండి ఎక్కం. లోపలికి పో” అన్నాను.

సుగుణ బావురుమంది. నా భార్య ఎస్తేరు, “చిన్నపిల్ల. దానికి పూజేంది, సముద్రమేంది? పోనీయండి” అంది. నేను వినలేదు. అందర్నీ కూర్చోబెట్టి ప్రార్థన మొదలుపెట్టాను. దేవుడి కోసం నిలబడ్డానని లోపల కాస్త గర్వంగా కూడా ఉంది. మోకాళ్ళూని, రొమ్ము మంచం పట్టెకి ఆనించి తలవంచాను. జేబులోంచి ఏదో చురుక్కున గుచ్చుకుంది.

తీసి చూశాను. పిన్ను.

నోట్లో వాక్యం సగంలో ఆగింది. “ఏందండీ?” అని ఎస్తేరు అడుగుతూనే ఉంది. సైకిలెక్కి షెడ్డుకి తొక్కాను.

షెడ్డు బోసిగా ఉంది. బస్సు నిలిచిన చోట చితికిన నిమ్మకాయలు, టెంకాయ చిప్పలు, అరటాకులు. మేస్త్రీ ఒక్కడే స్టూలు మీద కూర్చుని శనగలు నములుతున్నాడు.

“వచ్చినావా? ఇప్పుడే బయల్దేరింది. మా జానీ బీ ముందు సీటు కోసం ఎంత ఏడిపించిందో! అవునూ, మీ సుగుణ ఎక్కలేదేందిరా?”

ఆ ప్రశ్నతో నాకు అసలు సంగతి తెలిసొచ్చింది. బస్సుకి ఏమైనా అయితే ఊళ్ళో అందరూ అడిగేది అదే. బొట్టు పెట్టుకోనన్నాడు. ముందురోజు సాయంత్రం ఆ బస్సు కింద ఉన్నాడు. తన బిడ్డని మాత్రం ఎక్కనీలేదు. నేను మరిచిపోయానంటే ఏ దేవుడు నమ్ముతాడు? నన్నొక్కణ్ణే అంటారా? మా పేటనే తగలబెడతారు.

“ఏందిరా, మొహం అట్టుంది?” అన్నాడు మేస్త్రీ.

“ఏం లేదు మేస్త్రీ” అన్నాను.

ఆయన మనవరాలు ఆ బస్సులో ఉంది. ఆయన ముందు నిలబడి ఆ మాట అన్నాను. ఎవరికీ తెలియకుండా నేనే పట్టుకుని బిగించేద్దామని నా ఆశ. బల్ల దగ్గరికి వెళ్ళి పసుపు కుంకాలు పూసిన స్పానర్లలోంచి నాక్కావలసినది తీసుకున్నాను. చేతులు ఎర్రగా అయ్యాయి. అది పట్టించుకునే స్థితిలో లేను.

బస్సు దారిలో గుడి దగ్గర టెంకాయ కొట్టడానికి ఆగుతుంది. ఆ ధైర్యంతో తొక్కాను. మైపాడు రోడ్డు రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి పట్టాలకి అవతల బస్సు వెనకభాగం కనిపించింది. అరటి పిలకలు ఊగుతున్నాయి. “ఆపండి! ఆపండి!” అని అరిచాను. వెనక సీటు పిల్లలు నేను సాగనంపడానికి వచ్చాననుకున్నారేమో, కేరింతలు కొడుతూ చేతులూపారు. మా ఇద్దరి మధ్యా గేటు పడింది.

గూడ్సు బండి. ఎంతకీ తరగదు. సైకిలు మీద ఇక అందుకోలేనని తెలిసిపోయింది. ఇందుకూరుపేట దాటాక కాలువ వంతెన ఉంది, దాని ముందు మలుపుంది. అక్కడ స్టీరింగు తిరగకపోతే బస్సు కాలువలో ఉంటుంది.

వెనక కారు హారన్ మోగింది. అల్లుడుగారు. బస్సు వెనకాలే సముద్రానికి వెళుతున్నాడు.

లోకంలో ఎవరికి చెప్పకూడదనుకున్నానో ఆ మనిషే. ఆ నిమిషం నేను చేసిన ప్రార్థనలో మాటలు లేవు. వెళ్ళి కారు తలుపు పట్టుకున్నాను. “సార్, టై రాడ్‌కి పిన్ను పెట్టలా. నట్టు బిగించలా. మరిచిపోయినా” అన్నాను. గూడ్సు చప్పుడులో ఆయనకి వినపడలేదు. ఆ మాట రెండోసారి, గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది.

ఆయన మొహంలో నెత్తురు లేదు. “ఎక్కు” అన్నాడు.

గేటు లేవగానే కారు దూకింది. నడుస్తున్న బండ్లు, ఎడ్లు, గొర్రెలమంద, అన్నీ ఆ రోజే రోడ్డు మీద ఉన్నాయి. కారు గుంటలో పడ్డప్పుడల్లా, అక్కడ నట్టు ఇంకో చుట్టు తిరిగిందనుకునేవాణ్ణి.

“నీ బిడ్డని ఎందుకు ఎక్కనీలేదు?” అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

“మేం పూజ బండి ఎక్కం సార్.”

“తెలిసి చెయ్యలేదని నీ బిడ్డ మీద ఒట్టెయ్యి.”

మాలో ఒట్లు వెయ్యకూడదు. అవునంటే అవును, కాదంటే కాదు. అదే చెప్పాను, ఆయన పళ్ళు కొరికాడు. దీన్ని ఇప్పుడు భక్తి అని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. నిజం చెబుతున్నాను, భయం. బస్సు ఈపాటికే కాలువలో పడి ఉంటే, సుగుణ పేరెత్తి ఒట్టు వెయ్యడానికి నాకు నాలుక తిరగలేదు.

వంతెన ఇంకా ఫర్లాంగు దూరం ఉందనగా ఎడ్లబండికి దారిస్తూ బస్సు నెమ్మదించింది. అల్లుడుగారు కారు తీసుకెళ్ళి దానికి అడ్డంగా పెట్టాడు. నేను బురదలోనే కిందికి దూరాను. నట్టు చివరి మరల మీద వేలాడుతోంది. వేలితో తాకితే ఊగింది. బిగించాను గానీ, పిన్ను రంధ్రంలోకి పోదే! రెండుసార్లు బురదలో పడేసి వెతుక్కున్నాను. పైన కిటికీలోంచి జానీ బీ వంగి, “రత్నం మామా, సుగుణ రాలా?” అని అడిగింది.

“రాలేదమ్మా” అన్నాను. పిన్ను కాళ్ళు మడిచాను.

డ్రైవరు దిగి, “ఏమైంది సార్?” అన్నాడు. అల్లుడుగారు ఆడవాళ్ళ వైపు ఒకసారి చూసి, “ఏం లేదు” అన్నాడు. నా వైపు తిరిగి, “నువ్వు ఒట్టెయ్యవు గదా, బస్సెక్కు. ముందు సీట్లో కూర్చో” అన్నాడు.

మామిడాకుల తోరణం నెత్తిమీద ఊగుతుంటే, జానీ బీని ఒళ్ళో పెట్టుకుని మైపాడు దాకా వెళ్ళాను. పిల్లలు నీళ్ళలోకి పరిగెత్తారు. నేను బస్సు వెనక్కి పోయి వాంతి చేసుకున్నాను.

తిరిగి వచ్చాక మేస్త్రీకి అంతా చెప్పాను. బల్ల మీద స్పానరు లేదని ఆయన అప్పటికే చూసి ఉన్నాడు. విన్నంతసేపు విని, చెంప ఛెళ్ళుమనిపించాడు. “ఇది పిన్ను మరిచినందుకు కాదురా. మరుపు ఎవురికైనా వస్తుంది. నా బిడ్డ బండిలో ఉండగా నా మొహం చూసి ఏం లేదన్నావే, అందుకు.” తరవాత ఇద్దరికీ టీ తెప్పించాడు. ఆ టీ నేను తాగలేకపోయాను.

నా ఉద్యోగం పోలేదు. మరుసటి ఏడు అల్లుడుగారు బొట్టు మాట ఎత్తలేదు. కానీ మైపాడు బస్సు బయల్దేరేటప్పుడు నా వంక చూసి, “నీ బిడ్డేది?” అన్నాడు. సుగుణ అప్పటికే జానీ బీ పక్కన కూర్చుని ఉంది. మా చర్చి సంఘపెద్ద ఒకాయన, పూజ బండిలో పిల్లనెలా ఎక్కించావని అడిగాడు. “అయ్యా, నా బిడ్డని ఎక్కించలేని బండిని నేను షెడ్డు దాటనియ్యకూడదు” అన్నాను. నా వృత్తిలో నేను నేర్చుకున్నది ఇంతే. పూజ దగ్గర నేను ఎప్పుడూ నిలబడలేదు, ఆ తరవాత కూడా. కానీ దూరంగా నిలబడినందుకు మళ్ళీ ఎప్పుడూ గర్వపడలేదు.

భయం మాత్రం పోలేదు. పిన్ను గుచ్చుకున్న ఆ రోజు రాత్రి నుంచి మా ఇంట్లో ప్రార్థనకి ముందు ఒక పని ఉండేది. సుగుణ వచ్చి నా చొక్కా జేబులో చెయ్యి పెట్టి, మూలమూలలా తడిమి చూసేది. “ఏం లేదు నాన్నా” అనేది. అప్పుడు మోకాళ్ళూనేవాళ్ళం. దాని పెళ్ళయి అత్తారింటికి వెళ్ళిపోయింది. నేను రిటైరయ్యాను, నా చొక్కాలకి ఖాకీ రంగు పోయింది. ఇప్పటికీ రోజూ ప్రార్థనకి ముందు జేబు తడుముకుంటాను.