ఉత్త కాళ్ల అల్లరి పిల్లాడు

మా అమ్మకు యాభై ఎనిమిదేళ్లు. అందులో పద్దెనిమిదేళ్లుగా ఆమె పదేళ్ల కుర్రాడు. వీధిలోని పిల్లలందరినీ బుట్టలో వేసి, చివరికి తానే దెబ్బలు తినే ఒక కార్టూన్ పిల్లాడికి తెలుగులో గొంతు ఆమెదే. ఇంట్లో నన్ను తిట్టినా ఆ గొంతుతోనే తిట్టేది. నాకు ఒళ్లు మండేది.

డబ్బింగులో ఒక పద్ధతి ఉంది. గొంతు ముందే పోకుండా, కేకలన్నీ ఆఖరున చెప్పిస్తారు. ఆ రోజు మాత్రం కొత్త ఇంజనీరు కథ వరసలోనే కానిద్దామన్నాడు. మొదటి సీనులోనే పిల్లాడు మేడ మీంచి పడతాడు. అమ్మ గొంతులో కాయలు లేచాయని, సోమవారం ఆపరేషనని అక్కడ తోడుగా వెళ్లిన నాకు తప్ప ఎవరికీ తెలియదు. "కేకలు ఆఖర్న చేద్దాం బాబూ" అంటే సరిపోయేది. అంటే అనుమానిస్తారని, పాత్ర చేజారిపోతుందని భయపడి, తలూపి ఊరుకుంది. ఎంత మొండిదో!

అలవాటుగా చెప్పులు విప్పి, మైకు ముందు నిలబడి అరిచింది. కేక అదిరింది. తర్వాతి మాటకు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

ఇంకా పదకొండు డైలాగులున్నాయి. రికార్డింగ్ గది అద్దం అవతల స్టూడియో ఓనరు వీపు తిప్పి, ఎపిసోడ్ సాయంత్రానికి పంపేస్తామని ఫోనులో ఎవరికో మాటిస్తున్నాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు ఇంజనీరు, కంప్యూటర్ మీంచి కళ్లెత్తకుండానే.

అమ్మ నీళ్లు తాగింది. దగ్గింది. మళ్లీ నోరు తెరిచింది. గాలే. మూల స్టూలు మీద కూర్చున్న నేను లేచాను. ఆమె గిరుక్కున తిరిగి, నా చెయ్యి పట్టి లాగి, మైకు ముందు నిలబెట్టింది.

చిన్నప్పుడు ఆమెను వెక్కిరించడానికే ఆ గొంతు నేర్చుకున్నాను. ఇప్పుడది వణుకుతూ బయటికొచ్చింది. అమ్మ వేలితో లైను చూపిస్తూ, పక్కనే ఉత్త కాళ్లతో చప్పుడు కాకుండా గెంతుతోంది. ఆమె గెంతితే నేను ఆయాసపడ్డాను. ఎలాగో పదకొండూ అయ్యాయి.

"భలే కుదిరిందమ్మా! గొంతు సర్దుకుంది," అన్నాడు ఇంజనీరు, ఇంకా కంప్యూటర్ వైపే చూస్తూ.

నోరు మెదపకుంటే పాత్ర ఆమెకే దక్కేది. అమ్మ మైకుకు దగ్గరగా వంగి, వినపడీ వినపడని గుసగుసతో అంది. "నేను కాదు బాబూ. మా అమ్మాయి."

ఓనరు ఫోను పెట్టేసి అద్దం దగ్గరికొచ్చాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ ఆఖరిది ఇంకోసారి చెప్పమనండి, చూద్దాం."

అమ్మ మీద కోపం, జాలి ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆమె మాత్రం నా కాళ్ల వైపు చూసి గుసగుసగానే విసుక్కుంది.

"చెప్పులు విప్పవే. వాడు చెప్పులేసుకుని పరిగెత్తడు."