చెప్పకుండా చెయ్యి పట్టని డాక్టరమ్మ

వాట్సాప్‌లో వచ్చే చావు కబురును నేను నమ్మను. బతికున్నవాళ్ల ఫొటోకు దండ వేసి పంపిన ఘనులు మా గోదావరిఖనిలో ఉన్నారు. అందుకే పోయిన నెల సర్కారు దవాఖాన డాక్టరమ్మ పోయిందని కబురొస్తే దవాఖానకే ఫోన్ చేశాను. ఎత్తిన నర్సు ఏడుస్తోంది. డ్యూటీ దిగి, ఇంటికి పోయి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. అప్పుడు నమ్మాను.

నా అనుమానం ఊరికే పుట్టింది కాదు. మాది కమాన్‌పూర్ పక్క పల్లె. ఓపెన్‌కాస్టు గని వస్తుందన్న రోజుల్లో ఒక మధ్యవర్తి కాగితం తెచ్చి, మా నాన్న చెయ్యి పట్టుకుని బొటనవేలు ఒత్తించాడు. అందులో ఏముందో చదివి చెప్పలేదు. మా చెలక భూమి పోయింది. అప్పటినుంచి మా ఇంట్లో వేలిముద్ర అంటేనే భయం. నేను టీచరునయ్యాక అమ్మను ఏ కాగితం మీదా వేలు పెట్టనివ్వలేదు.

అలాంటిదాన్ని, డాక్టరమ్మను ఎట్లా నమ్ముతాను? ఆమె ఎమర్జెన్సీ వార్డు డాక్టరు. యాక్సిడెంట్లు, గుండెపోట్లు, వడదెబ్బలు చూసి చూసి అలిసిపోయాక ఎవరైనా ఇంటికి పోతారు. ఆమె మాత్రం వరండాలో బెంచీ మీద కూర్చుని, సర్కారు ఆరోగ్య బీమా కార్డు లేనివాళ్లను పిలిచి దరఖాస్తులు నింపేది. బొగ్గు కంపెనీ దవాఖాన గడప ఎక్కే హక్కులేని కాంట్రాక్టు కార్మికులు, మాలాంటి పల్లెలవాళ్లు ఆమె చుట్టూ మూగేవారు. లాభం లేకుండా ఇంత పని ఎవరు చేస్తారు? రెండు ఆదివారాలు స్తంభం పక్కన నిలబడి కనిపెట్టి చూశాను. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. చివరికి మొహం మీదే అడిగేశాను.

"ఒక్కో కార్డుకు మీకెంత వస్తది మేడమ్?"

ఆమె సాసర్లో టీ పోసుకుంటూ నవ్వింది. "చెల్లె, నేను నస్పూరు క్వార్టర్లల్ల పెరిగిన, బొగ్గుబాయి కార్మికుని బిడ్డను. అనుమానం లేకుంట మనమెట్ల బతుకుతం? కాని పెయ్యి, పానం మంచిగున్నప్పుడే అనుమానపడు. కాయితం ఇంటికి తీస్కపో, సదువుకో, పదిమందిని అడుగు. పానం మీదికొచ్చినంక టైముండది."

కాగితం తీసుకోలేదు. అమ్మకు కార్డు వద్దనే అన్నాను. ఆ తప్పు నాదే.

మే నెల ఎండలో ఒక మధ్యాహ్నం అమ్మ ఛాతీ పట్టుకుని కూలబడింది. ఆటోలో వేసుకుని పోతే వార్డులో ఎదురుగా ఆమే. కార్డు ఊసెత్తలేదు. వాచీ తీసి జేబులో వేసుకుని, అమ్మ మీదికి వంగింది. "అవ్వా, నేను డాక్టర్ను. నీ చెయ్యి పట్టుకుంటున్న." చెప్పకుండా ఆమె ఎవరి చెయ్యీ పట్టేది కాదు. స్పృహ లేనివాళ్లకు కూడా అట్లాగే చెప్పేది.

ఇంజెక్షన్ ఇచ్చాక అమ్మ కుదుటపడింది. కరీంనగర్ తీసుకుపోయి స్టెంటు వేయించాలన్నారు. అప్పుడు బయటికొచ్చింది దరఖాస్తు. సమయం చూసి కొడుతోందనుకున్నాను, అబద్ధమెందుకు. అమ్మ బొటనవేలు పిడికిట్లో దాచుకుని నా వైపు చూసింది.

డాక్టరమ్మ తిడుతుందనుకుంటే, స్టూలు లాక్కుని కూర్చుని మొదటి లైను నుంచి చివరిదాకా చదివింది. "అవ్వా, ఇందుల నీ భూమి ముచ్చట లేదు, ఇంటి ముచ్చట లేదు. ఏలు పెట్టకున్నా అంబులెన్సు పోతది. నీ ఇష్టం."

అమ్మ పిడికిలి విప్పింది.

డాక్టరమ్మ వేలిముద్ర వేయించి, కరీంనగర్‌కు తనే ఫోన్ చేసి మాట్లాడింది. అత్యవసరమని కార్డు వెంటనే వచ్చింది; ఖర్చంతా అదే మోసింది. అమ్మ ఇప్పుడు బాగుంది. కూరలో ఉప్పు తగ్గించానని రోజూ నాతో కొట్లాడుతుంది.

తర్వాత క్షమించమని అడగడానికి పోతే, డాక్టరమ్మ నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు. "అనుమానమున్నోళ్లే కాయితం మంచిగ సదువుతరు. ఆదివారం నా పక్కన కూసో, రా."

వస్తానన్నాను. బడి పనులని పోలేదు. నిజం చెప్పాలంటే, దీని వెనక ఇంకా ఏదో మతలబు ఉందేమోనని. ప్రాణం నిలబెట్టిన మనిషిని కూడా నమ్మలేకపోయానే అని ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మొన్నటి ఆదివారం దరఖాస్తులు పట్టుకుని పోయి ఆ బెంచీ మీద కూర్చున్నాను. ఒక ముసలమ్మ వచ్చి నన్ను కిందికీ మీదికీ చూసింది.

"నీకెంతొస్తది బిడ్డా?"

"కూసో అవ్వా. ముందుగాల సదువుత, ఇను" అన్నాను.

ఆమె కూర్చుంది గానీ, చేతిని కొంగులో దాచుకుంది. నేను ఆ చేతిని ముట్టుకోలేదు. మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాను.